ఏడో సూది

కరుణక్కకి,

నీ చెల్లెలు సువార్త జపాన్ నుంచి రాస్తున్నది. దేవుడి దయవల్ల నేను కులాసాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావగారు బీపీ మాత్ర మానకుండా వేసుకుంటున్నారా, లేక నువ్వు గుర్తుచేస్తే విసుక్కుంటున్నారా?

ఈ మొదటి కాయితం అందరికీ చదివి వినిపించు. రెండోది నీ ఒక్కదానికే. ఫోన్ చేస్తే అమ్మ స్పీకర్ పెట్టి వీధంతా వినిపిస్తుంది కదా, అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నాను.

చలి బాగా ముదిరింది. రెండు స్వెట్టర్లు వేసుకుని పైన కోటు వేస్తే, అద్దంలో నన్ను చూసుకుని నాకే నవ్వొస్తోంది. చేప వండితే అందులో పంచదార వేస్తారే ఈ మనుషులు! నేను ఒక్కదాన్నీ చింతపండు పులుసు తలుచుకుంటూ అన్నం తింటాను. వీలైతే కాస్త చింతపండు, అమ్మ కొట్టిన కారం పంపించు. నా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మకి చెప్పు. ఒళ్ళు బాగానే ఉంది.

మా వృద్ధాశ్రమంలో పెద్దవాళ్ళకి స్నానాలు చేయించడం, దిళ్ళూ పక్కలూ సర్దడం నా పని. మధ్యాహ్నం పూట ఇంకో పని కూడా ఉంది, బంతులు కుట్టడం. పక్క హైస్కూలు పిల్లలు బేస్‌బాల్ ఆడతారు. తెల్లతోలు బంతి, ఎర్రదారం కుట్టు. కుట్లు తెగిన బంతుల్ని పారేయకుండా బుట్టలో వేసి మాకు పంపిస్తారు. చేతులు ఆడుతూ ఉంటాయని మా పెద్దవాళ్ళు వాటిని బాగుచేస్తారు. ఎనిమిది అంకెలా ఉండే రెండు తోలుముక్కల్ని ఒకదానిలో ఒకటి కుదిర్చి, ఒకే దారానికి చెరో కొసా సూది ఎక్కించి కుడతారు. మొత్తం నూట ఎనిమిది జంట కుట్లు. ఎదురింటి సుబ్బలక్ష్మి పిన్నిగారికి చెప్పు, అక్కడికి పోయి అష్టోత్తరం మొదలెట్టిందా అని నవ్వుతారు.

కియో గారని తొంభై ఏళ్ళావిడ ఉన్నారు, వయసులో ఉండగా బంతుల ఫ్యాక్టరీలో పనిచేశారట. "ఇంత అవస్థ ఎందుకండీ, జిగురు పెట్టి అంటిస్తే పోదా?" అన్నాను ఒకరోజు. ఆవిడ నా రెండు వేళ్ళూ తీసుకుని కుట్టు మీద ఆనించారు. కుట్టు ఉబ్బెత్తుగా ఉంటేనే విసిరేవాడి వేళ్ళకి పట్టు దొరుకుతుందట. ఆ ఉబ్బుకి గాలి తగిలే బంతి ఒంపు తిరుగుతుందట. కుట్టు వదులైతే బంతి ఎటు పోతుందో విసిరినవాడికీ తెలియదు, ఎదుటివాడి మొహానికే తగలొచ్చు. అచ్చం నాన్నగారు కుట్టు మిషను దగ్గర కూర్చుని మనకి చెప్పినట్టే చెప్పారు. నేను లేచి నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయాను.

ఇక్కడితో మొదటి కాయితం అయిపోయింది. మిగతాది దాచుకుని చదువు.

అక్కా, ఇక్కడ బంతుల పని అయ్యాక సూదులన్నీ వచ్చాయా అని అడిగి లెక్కపెడతారు. ఒక్కటి తగ్గినా ఏ బంతీ గడప దాటదు. ఆ అడగడం వినగానే నాకు నాన్నగారి గొంతు వినిపిస్తుంది. కొట్టు కట్టేసేటప్పుడు రోజూ అడిగేవారు గుర్తుందా, "సూదులన్నీ వచ్చేయా అమ్మా?" అని. సూదుల మెత్తకి గుచ్చిన ఏడూ లెక్కపెట్టి "ఆయ్, వచ్చేయండి" అని మనం అంటేగాని తలుపు వేసేవారు కాదు.

పోయిన వారం ఒక సూది తగ్గింది. అయస్కాంతం తెచ్చి ఒక్కో బంతి మీదా తిప్పారు. నేను కుట్టిన బంతి దగ్గర అది అంటుకుంది. సూది తోలుకింద ఉండిపోయింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చేశాను. కియో గారు ఆ బంతి అందుకున్నారు. కుట్లన్నీ వరసగా విప్పి, సూది తీసి నా అరచేతిలో పెట్టి, "ఏడవకు, విప్పేశాంగా" అన్నారు.

బంతి కాబట్టి విప్పాం అక్కా. నాన్నగారి దిండు ఎలా విప్పను?

ఊళ్ళో ఎవరు పోయినా పెట్టెలో పరిచే తెల్లగుడ్డా, తలకింద దిండూ నాన్నగారే కుట్టి ఇచ్చేవారు. ఆయన పోయిన రోజు అవి కుట్టింది నేను. బయట వాన. పాస్టరుగారు వచ్చేశారు, పెట్టె మోసేవాళ్ళు అరుగు మీద నిలబడి ఉన్నారు, నువ్వు అమ్మని పట్టుకుని ఉన్నావు. కళ్ళనీళ్ళలో దారం కనపడలేదు. దూది కూరి, దిండు మూతి కుట్టేసి ఇచ్చేశాను. సమాధి దగ్గర్నుంచి వచ్చాక, ఆయన అడిగే మాట మానకూడదని కాబోలు, అమ్మ అడిగింది, "సూదులన్నీ వచ్చేయా?" అని. మెత్తకి ఆరే ఉన్నాయి. పెద్ద సూది లేదు. ఇల్లంతా వెతికాను. అమ్మ మొహం చూసి "ఆయ్, వచ్చేయి" అనేశాను.

వారం పోయాక రాజోలు వెళ్ళి కొత్తది కొనితెచ్చి గుచ్చాను. నాన్నగారి ఫొటో పక్కన పెట్టిన మెత్త చూడు, ఒక్కటే మెరుస్తూ ఉంటుంది.

అప్పటినుంచీ ఆయన నన్ను వదల్లేదు. పట్టపగలు, నేను పక్కలు సర్దుతుంటే గుమ్మంలో నిలబడతారు. మెడలో టేపు ఉంటుంది. తల వెనక రాసుకుంటూ ఉంటారు. కోప్పడరు, "అన్నీ వచ్చేయా అమ్మా?" అని మాత్రం అడుగుతారు. ముప్ఫై దిళ్ళూ రోజూ అరచేత్తో నొక్కి నొక్కి చూస్తాను. నా అంత శ్రద్ధగా చేసేవాళ్ళు లేరని ఇక్కడ మెచ్చుకుంటున్నారు. ఆ మెచ్చుకోలు వింటే భయమేస్తుంది.

వచ్చే నెలలో నాన్నగారి సమాధికి సిమెంటు చేసి టైల్స్ వేయిస్తున్నామని చెప్పావు. పని ఆపమని అడగను. తవ్వి తీయమనీ అడగను, అది అమ్మ తట్టుకోలేదు. అమ్మకి ముద్దులు, బావగారికి నా వందనాలు, పాస్టరుగారిని నాకోసం ప్రార్థన చేయమని చెప్పు. ఇంకొక్కటే, కాదనకు.

మేస్త్రి సిమెంటు కలిపేముందు ఆ మెరిసే సూది మెత్త నుంచి తీసేసి, నువ్వు ఒక్కదానివే సమాధి దగ్గరికి వెళ్ళు. మట్టి ఇంకా తెరిచి ఉండగానే, ఆయనకి వినిపించేలా చెప్పు. "నాన్నగారూ, చిన్నది లెక్క తప్పు చెప్పిందండి. ఆరే వచ్చేయండి" అను.

నీ చెల్లెలు,
సువార్త