ముక్కల గీత

పుల్లలచెరువు అవతల, కొండ కింద నుంచి

మార్కాపురం మ్యాపుల ఆఫీసులో కంప్యూటరు మీద గీతలు గీసే మా మేనల్లుడు నరేంద్రకు కాటమరాజు మామ దీవెనలు.

ఇక్కడ సెల్లు పలకదు గాబట్టి ఉత్తరం రాస్తా ఉండా. భూముల రీసర్వేలో మన గొర్రెల దారి ఎక్కాలని నువ్వు గీసిన షీట్లు పాల వ్యాను మస్తానయ్య తెచ్చిచ్చినాడు. కుంటకు పోయే దారి పెద్ద షీటులో ముక్కలు ముక్కలుగా ఉంది. చిన్న షీటులో అదే దారి తెగకుండా ఒకటే గీత. ఏంది నాయనా ఇది? ముక్కల గీత దారి, నిండు గీత గోడ అని కింద నువ్వే రాసినావు గదా! ఆ చిన్న షీటు ఇంట్లో అంటించినానో లేదో, గొర్రెలు దారి మొదట్లోనే నిలబడిపోయినాయి. ఏదో అడ్డం ఉన్నట్టు గాల్లోకి మూతులు ఆనించి అరుస్తా ఉండాయి. నిన్నట్నుంచి నీళ్ళు ముట్టలా. తొందరగా సరిచెయ్యి.

ఇట్లు, కాటమరాజు

తా.క.: నేనూ చెయ్యి పెట్టి చూసినా. చల్లగా తగిలింది. మీ అత్తకు చెప్పలా.

*

మామకు, నాగేంద్రమ్మ అత్తకు నరేంద్ర దండాలు.

మామా, తప్పు నీదే. దారి వెంట నడవమని జీపీఎస్ మిషను ఇస్తే, నాకంటే పొట్టేలుకే దారి బాగా తెలుసని దాని మెడకు కట్టి తోలావు. అది కనపడిన ప్రతి పొద దగ్గరా ఆగి మేసింది. అడుగడుక్కీ ఒక పాయింటు పడింది. పాయింట్లు అంత దగ్గరగా ఉంటే చిన్న షీటులో ఖాళీ వదలడానికి చోటుండదు, ముక్కలు అతుక్కుపోయి గోడలా కనిపిస్తాయి. అంతే! గొర్రెలకు మ్యాపు చదవడం రాదు మామా, ఎండకు నిలబడి ఉంటాయి. పాయింట్లు తగ్గించి, ఖాళీలు బాగా పెంచి కొత్త షీటు పంపుతున్నాను.

నీ అల్లుడు, నరేంద్ర

తా.క.: నువ్వు పంపిన నెయ్యి అందింది. ఆ చల్లటి గోడ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పకు, పరువు పోతుంది.

*

నరేంద్రకు మామ దీవెనలు, కొంచెం కోపంతో.

కొత్త షీటు అంటించినా. గొర్రెలు కదిలినాయి. కదిలినాయంటే ఏం చెప్పేది! కొంత దూరం నడిచినాయి, ఆ తర్వాత కనపడలా. మెడలో గంటల చప్పుడు మాత్రం వినపడతా ఉంది. కాసేపటికి అల్లంత ముందర మళ్ళీ కనపడినాయి. మళ్ళీ మాయం. నీ షీటులో ఖాళీ ఎక్కడుందో సరిగ్గా అక్కడే. మీ అత్త చూసి బిందె జారవిడిచింది. దానికి ధైర్యం చెప్పాలని నేను వాటి ఎనకాలే పోయినా. ఖాళీలోకి పోయినాక నా కాళ్ళు నాకే కనపడలా నాయనా. భయపడినా, దాపరికమేంది.

ఇట్లు, ప్రస్తుతానికి పూర్తిగా కనపడతా ఉన్న మీ మామ

తా.క.: ఒక గొర్రెపిల్ల ఇంకా బయటికి రాలా. తల్లి ఖాళీ ముందర నిలబడి పిలుస్తా ఉంది. లోపల్నుంచి అది పలుకుతా ఉంది.

*

మామకు దండాలు.

పొద్దున్నే ఏం తాగుతున్నావో అని నవ్వుకుంటూ నీ ఉత్తరం మా ఆఫీసులో సుమకు చదివి వినిపించాను. ఆమె నవ్వలేదు. స్క్రీను మీద ఆ షీటు తెరిచి ఖాళీలో చూడమంది. చూశాను. అక్కడ చిన్న తెల్ల చుక్క ఉంది. చెరిపితే పోలేదు. కాస్త పక్కకు జరిగింది.

ఇక ఎగతాళి మానేశాను. షీటు పెద్దదైనా చిన్నదైనా ముక్కలూ ఖాళీలూ ఒకే కొలతలో పడేట్టు సెట్టింగు మార్చి, బొమ్మ మొత్తం మళ్ళీ గీయించాను. ఇప్పుడు అన్ని షీట్లలోనూ దారి ఒకేలా ఉంది. ఖాళీలు గొర్రెపిల్ల కూడా పట్టనంత చిన్నవి. పాతవన్నీ పొయ్యిలో వెయ్యి.

నరేంద్ర

తా.క.: చుక్క పోయింది. పిల్ల ఇల్లు చేరిందా?

*

నరేంద్రకు దీవెనలు.

చేరింది. ఒళ్ళంతా చల్లగా ఉన్నా పాలు తాగుతా ఉంది. మంద కూడా తిన్నగా కుంట దాకా పోయింది. పోయి ఏం లాభం, కుంట ఎండిపోయింది. ఇట్లనే ఉంటే మందను పొదిలి సంతకు తోలాల్సిందే. నడక వచ్చినప్పట్నుంచి గొర్రెల ఎనకాలే తిరిగినోణ్ణి, అవి లేకుండా పొద్దున్నే లేచి నేనేం చేసేది?

షీటులో కుంటలోకి దిగే వాగును నీలం రంగు ముక్కలుగా గీసినావు. ఆ ముక్కలు కలిపెయ్యి నాయనా.

ఇట్లు, మీ మామ

తా.క.: మీ అత్త కూడా అడగమనింది. అది నన్నే నమ్మదు, నీ కంప్యూటరును నమ్ముతా ఉంది.

*

మామకు దండాలు.

కుదరదు మామా. ఏడాదంతా పారే వాగునే నిండు గీతగా గీయాలి, ఎండిపోయేదాన్ని ముక్కలుగానే చూపాలి. షీట్ల మీద మా జాకబ్ సారు సంతకం కూడా అయిపోయింది. ట్యాంకరు కోసం అర్జీ పెడతాను, నాలుగు రోజులు ఓపిక పట్టు.

నరేంద్ర

తా.క.: అసలు కారణం సంతకం కాదు, భయం. ఆ వాగు మీదికి మౌసు తీసుకుపోతే నీళ్ళలో ముంచినట్టు నా చెయ్యి తడుస్తోంది.

*

చిరంజీవి నరేంద్రకు మామ, అత్త దీవెనలు.

నీకు భయమని నేనే కలిపినా. మీ అత్త కాటుక తీసుకొని, వేలితో వాగు ముక్కలన్నీ నిండుగా రుద్దినా. మబ్బు లేదు, చినుకు లేదు. తెల్లారేసరికి కుంట నిండింది! గొర్రెలు కడుపునిండా తాగతా ఉంటే గట్టున కూచొని ఏడ్చినా నాయనా. ఇంక సంత మాట లేదు. నీళ్ళు మాత్రం నల్లగా ఉండాయి. మంద మూతులన్నీ కాటుక పెట్టినట్టు ఉండాయి. బాగానే మేస్తా ఉండాయిలే.

ఒక్క పొరపాటు జరిగింది. గీసేటప్పుడు పొట్టేలు నా మోచెయ్యి పొడిచింది. వేలు జారి గీత కుంట దాటి, షీటు అంచు దాకా పోయి, కింద మూలన ఉన్న గడిలోకి దిగింది. ‘గీసినవారు’ అని నీ పేరుంది, ఆ గడిలోకి. తుడిచినా, పోలా. తుడిచేకొద్దీ లావైంది. ఇప్పుడు కుంటలోంచి ఒక పాయ తెగి మార్కాపురం దిక్కుకు పోతా ఉంది. మిట్టలు కూడా ఎక్కుతా ఉంది.

ఇట్లు, తప్పు చేసిన మీ మామ

తా.క.: ఈ ఉత్తరం తెచ్చే మస్తానయ్య వ్యాను ఆ పాయ పక్కనే వస్తాది. ఏది ముందొస్తాదో తెలీదు. ఈ కాగితం తడిగా అందితే చదివింది చాలు, మేడెక్కు.