పసుపు మడిల ఏడో నంబర్ చీమ

2025 ఆగస్టు 9, శనివారం

దొరికింది! దొరికిందనే అనుకుంటున్న. తొందరల రాత కోడి గెలికినట్టున్నది. ఉండనీ, చదివేది నేనే గద.

జులైల ఇచ్చోడ అవతల అడవి అంచున, ఇప్పచెట్టు కింద ఆకుచెత్త జల్లెడ పట్టి తెచ్చిన. గా స్పిరిట్ సీసా ఇయ్యాల తెరిచిన. అన్నీ తెలిసిన చీమలే. అడుగున ఒక్కటి, ఆవగింజల సగం గుడ లేదు, ఎర్రగ. మైక్రోస్కోప్ కింద పెట్టి చూసిన. పొడుగు దవడలు, నడుముకు పత్తి చుట్టినట్టు తెల్లటి స్పాంజి. గీ రకం చీమలకు గంతవరకు మామూలే. గని నుదుటి మీద రెండు పొడుగు వెంట్రుకలు, కొసకు చెంచాల లెక్క వెడల్పు. గసొంటిది నా దగ్గరున్న ఏ పుస్తకంల లేదు. ఇంటర్నెట్ల లేదు. మళ్ల చూసిన, మళ్ల చూసిన, లేదు.

నా కేక విని ఇంటి ఓనర్ రాధాబాయి కింద నుంచి ఏమైందని అడిగింది. చీమ దొరికిందన్న. ఎక్కడ ముంగ్యా, ఎక్కడ అని మరాఠీల అరుచుకుంట చీమలమందు చాక్‌పీసు పట్టుకొని పైకొచ్చింది. ఆదిలాబాద్ మొత్తంల నాకు గీ ఇల్లే దొరకాల్నా.

ఆగస్టు 13

ఉపేందర్‌రావు సార్ ఫోన్ చేసిండు. నా పీహెచ్‌డీ గైడ్, కరీంనగర్‌ల ఉంటడు, మాటలు తూకం వేసి మాట్లాడుతడు. ఫొటోలు చూసిండట. కొత్తదే కావచ్చు అన్నడు. నేను గంతేసేలోపల, ఒక్క చీమతోని ఏం రాస్తవమ్మా అన్నడు. ఒక్కటే అయితే అది పుట్టుకతోనే వంకరదేమో అంటరట. కూలి చీమలు ఇంకిన్ని కావాలె, రాణి దొరికితే ఇంక ఖాయం. దొరకకపోతే థీసిస్ వెనుక పేరు లేని ఏడో రకం, స్పీషీస్ సెవెన్ అని పడుంటదట. ఎప్పుడో ఎవలో వచ్చి పేరు పెట్టుకుంటరట.

ఎవలో ఎందుకు పెట్టుకుంటరు? నా సెవెన్ అది. పట్టింది నేను, చూసింది నేను. నాకు మస్తు కోపం వచ్చింది, రెండు ప్లేట్ల మిర్చి బజ్జీ తిన్న.

ఆగస్టు 24

పొద్దటి నుంచి వాన. వాగు పొంగిందట, ఇచ్చోడకు బస్సు పోదట.

సెప్టెంబర్ 7

మళ్ల పోలే. కాలేజీల ఎగ్జామ్ డ్యూటీ. పోరగాండ్లకు జువాలజీ పేపర్ పంచుకుంట, మనసంత ఇప్పచెట్టు కిందనే.

సెప్టెంబర్ 16

గా ఇప్పచెట్టు బుచ్చవ్వ అనే ముసలామె చేను అంచున ఉన్నది. కొడుకు పరశురాములు మస్కట్‌ల ఉంటడు, ఆమె ఒక్కతే చేను చూసుకుంటది. పోయినసారి పేరు అడిగి ఫోన్ నంబర్ గుడ తీసుకున్న. ఇయ్యాల ఫోన్ చేసి, శనివారం వస్తున్న అవ్వా, దినమంత చెట్టు కిందనే ఉంట అని చెప్పిన. ఫికర్ చెయ్యకు బిడ్డా, నేను చూసుకుంట అన్నది. ఎంత మంచి మనిషి.

సెప్టెంబర్ 20, శనివారం

పోంగనే చెట్టు కాడికి ఉరికిన. ఇప్పచెట్టు కింద ఒక్క ఆకు లేదు. నున్నగ ఊడ్చి, పేడతోని అలికి, నట్టనడుమ ముగ్గేసి ఉన్నది. పక్కన నులక మంచం, దాని మీద కొత్త దుప్పటి.

రేపు ఎంగిలిపువ్వు బతుకమ్మ. బుచ్చవ్వ ఇల్లంత అలుకుతనే ఉన్నది గద, పట్నం బిడ్డ దినమంత కూసుండే జాగల తేళ్లు పాములు ఉంటే ఎట్ల అని చెట్టు కింద గుడ అలికిందట. చెప్పుకుంట మురిసిపోతుంది.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కపారే వచ్చినయి. ఏడుపే గెలిచింది. ముగ్గు పక్కన కూలబడి చిన్నపోరి లెక్క ఏడ్చిన. బుచ్చవ్వ పరేషానైంది, ముగ్గు మంచిగ లేదా అని అడిగింది. నీ ముగ్గు సల్లగుండ, నా చీమ గా ఆకులల్ల ఉండె అవ్వా అన్న.

ఆకులు పారెయ్యలే అన్నది. నా చెయ్యి పట్టుకొని ఇంటెనుకకు గుంజుకపోయింది. అక్కడ పసుపు మడి. మోకాళ్లెత్తు పసుపు మొక్కలు, సాళ్ల నడుమ నా చెత్తంత పరిచి ఉన్నది. మడి తడి ఆరకుండ కప్పిందట. చెయ్యి పెట్టి చూసిన. చల్లగ, తేమగ ఉన్నది. బుచ్చవ్వను గట్టిగ పట్టుకొని ముద్దు పెట్టిన. పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

నేను జల్లెడ తీస్తే ఆమె చాట తెచ్చుకున్నది. వద్దంటే వినదు. జర సేపైనంక చూస్తే, వడ్లు చెరిగినట్టు చెరిగి ఆకులను కుప్ప పోస్తుంది, దుమ్మును గాలికి వదులుతుంది. నాకు కావాల్సింది గా దుమ్మే అని ఒర్లిన. దుమ్ము కోసం గింత దూరం వచ్చినవా అని నవ్వింది. నవ్వి నవ్వి చాట కింద పెట్టి, కొంగుతోని కళ్లు తుడుచుకున్నది. నేనూ ఆగలేకపోయిన.

మక్క గట్క, పచ్చిపులుసు పెట్టింది. రెండుసార్లు పోయించుకున్న. సంచులు నింపుకొని బస్సెక్కిన. మోకాళ్లకు అంటిన మట్టి ఇంక పోలే.

సెప్టెంబర్ 21

సంచులు బాల్కనీల వేలాడుతున్నయి. చెత్త ఎండుకుంట వస్తుంటే లోపలి జీవాలు తడి కోసం దిగి కింది సీసాల పడాలె. బతుకమ్మ ఆడబోయే ఆడోళ్లందరు తలెత్తి చూస్తుండ్రు. వడియాలా అని ఒకామె అడిగిందట. రాధాబాయి సిగ్గుతోని అవునని చెప్పిందట.

సెప్టెంబర్ 24

రాణి!

సెప్టెంబర్ 25

నిన్న ఇంకో మాట రాయలేకపోయిన. పదకొండు కూలి చీమలు, ఒక రాణి. భుజాల మీద రెక్కలు రాలిన గుర్తులు సుత ఉన్నయి. అందరికీ నుదుటి మీద గవే రెండు వెంట్రుకలు. నా సెవెన్ వంకరది కాదు. దానికో ఖాన్‌దాన్ ఉన్నది.

సార్‌కు ఫోన్ చేస్తే ఎన్ని దొరికినయో రెండుసార్లు అడిగిండు. తరువాత శభాష్ అన్నడు. ఆయన నోట గా మాట మొదటిసారి విన్న. ఫోన్ పెట్టేసి ఏడ్చిన, గీసారి మంచి ఏడుపు.

రాధాబాయిని పిలిచి చూపెట్టిన. ఒక కన్ను మూసి చూసింది. ముక్కు మీద వేలేసుకున్నది. ఎంత సింగారించుకున్నది పోరి అన్నది. చాక్‌పీసు మాత్రం చేతిలనే ఉన్నది.

అక్టోబర్ 5

పేరు పంచాయితీ మొదలైంది. పెద్దపల్లి నుంచి నన్ను కన్న అవ్వ ఫోన్ చేసి నీ పేరే పెట్టుకో అన్నది. సొంత పేరు పెట్టుకోవద్దమ్మా, మర్యాద కాదు అంటే ఆమెకు కోపం వచ్చింది. కష్టం నీది, పేరు ఊరోళ్లదా అని అడిగింది. బాపు మా ఇంటి దేవుడు మల్లన్న పేరు పెట్టమన్నడు. సార్ ఏమనలేదు గని, వాళ్ల గైడ్ ఎంత గొప్పోడో అరగంట చెప్పిండు.

నేను ఎప్పుడో అనుకున్న. ఊడ్చింది ఆమెనే, దాచింది ఆమెనే.

డిసెంబర్ 18

దవడ పొడుగు, తల వెడల్పు, కాలు పొడుగు. కొలుసుడు, రాసుడు, కొట్టేసుడు. కళ్లు మూసినా చీమ తలనే కనబడుతుంది. జర్నల్‌కు పేపర్ పంపిన.

2026 ఫిబ్రవరి 10

ఒక రివ్యూయర్ బొమ్మలు మంచిగున్నయి అన్నడు. ఇంకొకడు అన్నీ తప్పులే అన్నడు. రెండోవాడు చల్లగుండ, కామాలు గుడ దిద్దిండు.

మార్చి 14

అచ్చైంది. స్ట్రుమిజెనిస్ బుచ్చవ్వే, లాటిన్ల బుచ్చవ్వ చీమ అన్నట్టు. చివర, రాసినోళ్ల గుర్తుగ, నా ఇంటిపేరు, సంవత్సరం. సార్ కరీంనగర్‌ల స్వీట్లు పంచిండట. నేను బజార్ల నడుచుకుంట ఒక్కదాన్నే నవ్వుతున్న, తెలిసినోళ్లు పెండ్లి కుదిరిందా అని అడుగుతుండ్రు.

మార్చి 22

బుచ్చవ్వ కాడికి పోయి చెప్పిన. కుడుతదా అని అడిగింది. మనిషిని కుట్టేంత బలం లేదన్న. జర చిన్నబోయింది. తరువాత గా పేరు చదివి వినిపియ్యమన్నది. చదివిన. ఊర్ల అందరూ కొడుకు పేరుతోని పరశురాములు అవ్వ అంటరట. పేరు పెట్టి పిలిచేటోళ్లు అందరూ పోయిండ్రట. ఇంకోసారి చదువు అన్నది. చదివిన. ఇంకోసారి అన్నది.