ఈరమ్మ గీసిన నీటి గీత

నల్లగండ్ల,
శనివారం

చిన్నమ్మా,

నీ ఇల్లు ఇక్కడికి పది నిమిషాల నడక. అయినా ఎదుట నిలబడి చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. స్వామి అన్న డ్యూటీ నుంచి వచ్చాక చదివించుకో.

కుంట గట్టున మన నలభై రెండు గుడిసెలు తీసేయాలని చెరువుల రిపోర్టులో ఉంది. పాత సర్కారు పటం చూసి అలా రాశారని బస్తీలో అనుకుంటున్నారు. కాదు. దానికి ఆధారం నేను రాసిన కాగితం.

పోయిన ఎండాకాలం చెరువుల పాలసీ కోసం యూనివర్సిటీ వాళ్లు బస్తీ వాళ్లతోనే పటం గీయించారు కదా. నేను సర్వే పనిలో అప్పుడే చేరాను. అంగన్‌వాడీ ముందు నేల ఊడ్చి, ముగ్గుపిండితో దారులు గీసి, ఇంటికో చింతగింజ పెట్టాం. "పూర్వం నీళ్లు ఎంతదాకా వచ్చేవమ్మా?" అని యూనివర్సిటీ మధుకర్ సార్ అడిగారు. లచ్చమ్మ నవ్వింది. "ఈరమ్మను అడుగు సారూ, పెండ్లైన కొత్తల నీళ్లల్లనే కాపురం జేసింది." నువ్వు పిడికిట పిండి పట్టి, వంగి, ఆగకుండా గీశావు. మన చింతగింజలన్నీ గీత లోపలికి వచ్చాయి. ఎవరికీ భయం వేయలేదు. మనల్ని అడిగేవాళ్లు వచ్చారని సంతోషపడ్డాం.

ఆ గీత చూసుకుంటూ కుంట దగ్గర నేల మీద టేపుతో కొలిచి, కాగితం మీద ఎక్కించింది నేనే. కింద "చెప్పినవారు: ఈరమ్మ" అని రాశాను. నీ పేరు అచ్చులో చూసి మురిసిపోతావనుకున్నాను. ఇప్పుడు ఆ పేరు చూపించే మనల్ని లేవమంటున్నారు.

సోమవారం మీటింగులో ఆఫీసర్లు, యూనివర్సిటీ వాళ్లు, మనవాళ్లు ఉంటారు. గీత తప్పని, పెద్దావిడ మరిచిపోయి గీసిందని చెప్తాను. నా ఉద్యోగం పోతుంది, నీ మాట అబద్ధమవుతుంది. వేరే దారి తోచలేదు. ఆ రోజు మాత్రం నువ్వు మాట్లాడకు.

నీ అక్క బిడ్డ,
అనూష

ఆదివారం

బిడ్డా అనూషా,

నేను చెప్తున్న, స్వామి రాస్తుండు. నడుమ నడుమ తిడుతుండు, అది రాస్తలేడు.

నాకు మతి పోలే. నీళ్లు అక్కడిదాక వచ్చినయ్. తప్పని చెప్పకు.

నా గీత మన గుడిసెల కాడ ఆగలే. నేను ఊడ్చే అపార్ట్‌మెంటు టవర్ల గేటు దాటి, లోపల పిల్లలు ఈతగొట్టే తొట్టి దాక గీసిన. నువ్వు టేపు పట్టుకొని కొలువనీకి వచ్చిన నాడు వాచ్‌మన్ "పర్మిషన్ ఏది?" అని గేటు కాడి నుంచే నిన్ను తిప్పి పంపిండు. నువ్వు కొలిచిన కాడికే ఎక్కించినవ్. లోపల చీపురు పట్టుకొని నేను చూస్తనే ఉన్న. రిపోర్టు చదివి వినిపించిన నాడే నా గీత సగం లేదని ఎరుకైంది. ఆ మాట చెప్తే నా కొలువు పోతదని నోరు మూసుకున్న. పదమూడేండ్ల కొలువు. గంతే. నువ్వొక్కదానివే తప్పు జేసినట్టు ఏడ్వకు.

గుడిసెలు నిలవవనే నాకు అనిపిస్తుంది. స్వామి కూకట్‌పల్లి దిక్కు కిరాయి రూము చూస్తుండు. పోతే పోనీ. కానీ నీళ్లు మన దిక్కే వచ్చినయని కాగితం ఉండొద్దు.

పొద్దుగాల టవర్ల సూపర్‌వైజర్ దేవిశ్రీ మేడమ్‌కు నా కొలువు కార్డు ఇచ్చేసిన. "ఏందమ్మా, జీతం పెంచాల్నా?" అన్నది. "కాదు మేడం, రేపు మీ దిక్కు నీళ్ల సంగతి చెప్పేదుంది" అన్న. ఆమెకు సమజ్ కాలే.

మీటింగుల నేనే మాట్లాడుత. నువ్వు నా పక్కన కూసో.

మీ చిన్నమ్మ
ఈరమ్మ, వేలిముద్ర