గణేష్ మోకాలి సంగతి

బంటింగ్, మలేషియా,
ఆదివారం.

అక్కకి,

హైమ నమస్కారాలు. నువ్వూ బావగారూ చిన్నోడూ కులాసాగా ఉన్నారనే అనుకుంటున్నాను. నీ నడుం నొప్పి ఎలా ఉంది? స్కూల్లో ఆడపిల్లల చేత పరుగులు తీయించేటప్పుడు వాళ్ళతో పాటు నువ్వూ పరిగెత్తకు, విజిల్ ఊదితే చాలు. బావగారి దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను. ఇక్కడ మధ్యాహ్నమయ్యేసరికి రోజూ వాన. గొడుగు మర్చిపోవట్లేదు. నా గురించి బెంగ పెట్టుకోకు.

వారం వారం వీడియో కాల్ చేస్తూ మళ్ళీ ఈ ఉత్తరమేంటని నీకు అనిపిస్తుంది. ఫోన్లో చెప్పలేని సంగతి ఒకటుంది. నేను ఫోను పట్టుకోగానే మా ఇంటి ఓనరు సత్తెమ్మ పిన్ని పక్కన కూర్చుని నీతో కబుర్లు చెప్పేది కదా. ఈమధ్య రావట్లేదు. నువ్వు అడిగినప్పుడల్లా గుడికెళ్ళిందనో, స్నానానికెళ్ళిందనో చెప్పాను. ఆ మాటలేవీ నిజం కావు అక్కా. పిన్ని ఇంట్లోనే ఉంది, వంటింట్లో, నా గొంతు వినపడేంత దూరంలో. నా వల్ల జరిగినదానికి తను రావట్లేదు. మొదట్నుంచీ చెప్తాను, నిదానంగా చదువు.

పిన్నివాళ్ళ సంగతి నీకు కొంత తెలుసు. పిన్ని తాతలు మనవైపు నుంచే ఇక్కడి రబ్బరు తోటల్లో పనికి వచ్చారు. నాలుగు తరాలైనా పిన్ని నోట్లో మన ముసలమ్మల తెలుగే ఉంది. నేను గది అద్దెకి అడగడానికొచ్చిన రోజు "ఏ ఊరు పాపా మీది?" అని అడిగి, రాజాం అనగానే లోపలికి పిలిచి ఎండు నెత్తళ్ళు వేసి పెట్టిన పులుసుతో అన్నం పెట్టింది. బాబాయి ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఒక్కడే కొడుకు గణేష్, ఇరవై ఒక్కేళ్ళు. యూనివర్సిటీ జట్టులో ఫుట్‌బాల్ ఆడతాడు, ఎడమ వైపు డిఫెండరు. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడమంటే సిగ్గు. నన్ను మాత్రం చక్కగా అక్కా అంటాడు.

నా ఉద్యోగం గురించి నువ్వెప్పుడు అడిగినా "వీడియోలు చూస్తాను" అని దాటేసేదాన్ని. ఇప్పుడు సరిగా చెప్పాలి. మాది ఒక ఫుట్‌బాల్ క్లబ్బు ఆఫీసు. ఈ లీగ్‌లో ఎనిమిది జట్లు. ఏడాదికోసారి కొత్తగా పైకొచ్చిన ఆటగాళ్ళ పేర్లన్నీ ఒక జాబితాగా వేస్తారు. దాంట్లోంచి జట్లు వంతులవారీగా ఒక్కొక్కరినే ఎంచుకోవాలి. దాన్ని డ్రాఫ్టు అంటారు. కిందటేడు చివర నిలిచిన జట్టుకి మొదటి వంతు. మాది కింద నుంచి మూడో స్థానం, కాబట్టి మూడో వంతు. రెండు చుట్లు తిరుగుతుంది, అంటే మాకు ఇద్దరు.

ఇద్దరి కోసం ఎంత తంతు ఉంటుందో నువ్వు చూడాలి. ఒక గోడ నిండా తెల్ల బోర్డు, దాని మీద అయస్కాంతం అంటించిన పేర్ల పలకలు. పైన ఉన్నవాడు మంచివాడు, కిందికి పోయేకొద్దీ సందేహం. ఆ పలకలు పైకీ కిందికీ జరపడమే నాలుగు వారాల పని. నేను మ్యాచ్‌ల వీడియోలు ముక్కలు చేసి, ఎవరు బంతి ఎన్నిసార్లు పోగొట్టుకున్నారో, అలిసిపోయాక ఎలా ఆడతారో రాసి పెట్టేదాన్ని. ఇంకొకాయన ఊళ్ళు తిరిగి వాళ్ళ కోచ్‌లనీ మాస్టర్లనీ కలిసేవాడు. కోచ్ తనకి ఏ చోట మనిషి తక్కువో చెప్పేవాడు. మిగతా జట్లు ఎవరిని పట్టుకుపోతాయో మేమే ఊహించుకుని, వాళ్ళ తరఫున కూడా పేర్లు తీసి ఆడుకునేవాళ్ళం. మా పెద్ద రోస్లీ గారని మలాయ్ ఆయన, నెమ్మదైన మనిషి. ఆయన మాట ఒకటే: "ఈ నాలుగు వారాలూ ఎంతైనా కొట్టుకోండి. ఆ రోజు హాల్లో మాత్రం ఎవరూ మాట్లాడకూడదు, బోర్డే మాట్లాడాలి."

ఆ జాబితాలో గణేష్ పేరుంది.

నేను మొదటిరోజే రోస్లీ గారికి చెప్పేశాను, ఆ అబ్బాయి ఇంట్లోనే అద్దెకుంటున్నానని. "అయితే అతని మార్కులు నువ్వు వెయ్యకు" అన్నారు. వెయ్యలేదు. అంతవరకు నేను తప్పు చెయ్యలేదక్కా.

ఆ నాలుగు వారాలూ పిన్ని ఒక్కసారైనా నన్ను సిఫారసు అడగలేదు. అది కూడా నీకు తెలియాలి. కానీ సాయంత్రం నేను కూరగాయలు తరిగిపెడుతుంటే తన కొడుకు గురించి మాట్లాడకుండా ఉండలేకపోయేది. అలా ఒకరోజు అంది: "ఆట ఆడొచ్చిన మర్నాడు మెట్లు దిగనేడు పాపా. కమ్మీ పట్టుకుని ఒక్కొక్క మెట్టు దిగుతాడు. ఎడం మోకాలు. నూని రాస్తన్నాను. అడిగితే ఏటీ నేదంటాడు." మగపిల్లలకి మామూలేలే పిన్నీ అన్నాను నేను. పిన్ని మాట మాత్రం నాలో ఉండిపోయింది.

డ్రాఫ్టుకి రెండు రోజుల ముందు ఆఖరి మీటింగు. మొదటి పేరు గోల్‌కీపరు, గొడవ లేకుండా తేలింది. రెండోది గణేష్, లేకపోతే కువాలా సెలంగోర్ ఊరి నుంచి ఫైజ్ అని ఇంకో కుర్రాడు. మార్కుల్లో ఫైజ్ ఒక వెంట్రుకవాసి పైన. కానీ మాకు కావలసింది ఎడమ వైపు డిఫెండరు, కోచ్ గణేష్ కోసం పట్టుబట్టాడు. ఉన్నవాళ్ళలో మంచివాణ్ణి తీసుకోవాలా, మనకి అవసరమైనవాణ్ణి తీసుకోవాలా అని రెండు గంటలు నలిగింది. చివరికి రోస్లీ గారు పెన్ను కింద పెట్టి, "ఈ కాగితాల్లో లేనిది ఎవరికైనా తెలుసా?" అని ఒక్కొక్కర్నీ పేరు పెట్టి అడిగారు.

నా వంతు వచ్చింది. నేను తెలీదని ఊరుకోవచ్చు. లేదా "వాళ్ళమ్మ చెప్పింది, మోకాలు నొప్పి, డాక్టరుకి చూపించండి" అని ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు. ఆ రెండూ చెయ్యలేదు. "ఆఖరి పదిహేను నిమిషాల్లో గణేష్ ఎడమ కాలి మీద తిరగట్లేదు. వీడియోలో గమనించాను. మోకాలేమో" అన్నాను. అక్కా, వీడియోలో నేనది గమనించలేదు. వంటింట్లో విని, వీడియోలో చూసినట్టు చెప్పాను. నలుగురి ముందు నా పనితనంలా కనపడాలని. ఆ క్షణంలో నా మనసులో ఉన్నది అదే, ఇంకేం లేదు.

కోచ్ కళ్ళు మూసుకున్నాడు. గణేష్ డ్రాఫ్టుకి ఇచ్చిన ఫారంలో పాత దెబ్బలేవీ లేవని రాశాడు. రోస్లీ గారు లేచి వాడి పలకని బోర్డు అడుక్కి జరిపారు. బయటికొస్తూ నాతో "మంచి కన్ను" అన్నారు. నాకు సంతోషమేసింది. దాచడమెందుకు, బస్సులో ఇంటిదాకా సంతోషంగానే ఉన్నాను.

డ్రాఫ్టు రోజు పిన్ని ఇంట్లో చుట్టాలంతా టీవీ ముందు కూర్చున్నారట. నేను హాల్లో మా బల్ల దగ్గరున్నాను. పదహారు పేర్లు చదివారు. గణేష్ పేరు మేమూ చదవలేదు, ఇంకెవరూ చదవలేదు. మిగతా జట్లకి మా మాట చేరిందో, వాళ్ళకి అక్కర్లేకపోయిందో నాకు తెలియదు. ఇంటికొచ్చేసరికి చుట్టాలు వెళ్ళిపోయారు. పిన్ని నాకోసం అన్నం మూతపెట్టి ఉంచింది. "నువ్వు మాత్రం ఏటి సేస్తావు పాపా. నీ పెయత్నం నువ్వు సేసే ఉంటావు" అని నా తల నిమిరింది. నేను అన్నం కలుపుకుని తిన్నాను.

అలా రెండు వారాలు తిన్నాను అక్కా. రోజూ చెప్పాలనుకోవడం, రోజూ గిన్నెలు కడిగేసి గదిలోకి పోవడం. గణేష్ మాత్రం ప్రాక్టీసు మానలేదు, కుంటుతూనే వెళ్ళేవాడు.

తరవాత నా ఉద్యోగం పర్మనెంటు చేశారు. నీకు ఫోన్లో చెప్తే నువ్వు ఎగిరి గంతేశావు, గుర్తుందా? పిన్ని గుడికెళ్ళి నా పేరున అర్చన చేయించి, పొంగలి తెచ్చింది. భోజనాల బల్ల దగ్గర నాకూ గణేష్‌కీ పెడుతూ, "ఈ ఇంట్లో ఒకలకైనా మంచి జరిగింది. అదే సాలు" అంది. ఇంక ఆగలేకపోయాను. చెప్పేశాను. మీటింగు, మోకాలు, వీడియో అన్న అబద్ధం, అన్నీ.

గణేష్ పళ్ళెం పక్కకి జరిపాడు. తరవాత, మాట చివర ఇక్కడివాళ్ళ "లా" తగిలించే తన తెలుగులో, "మోకాలు నిజం. ఫారంలో నేను అబద్ధం రాసినాను. అది నా తప్పు లా" అన్నాడు. మళ్ళీ, "అక్కా, నన్ను అడగొచ్చు గదా ముందు. పక్క గదిలోనే ఉన్నాను" అన్నాడు.

పిన్ని పొయ్యి ఆపి, గిన్నెలు సర్ది, పెరట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు గణేషే వచ్చి డాక్టరు దగ్గరికి తోడు రమ్మన్నాడు. అమ్మ వస్తే భయపడుతుందన్నాడు. స్కాన్ తీస్తే మోకాలి లోపల గుజ్జు చిరిగిందని తేలింది. ఇలాగే ఇంకో సీజన్ ఆడుంటే కాలు పాడయ్యేదని, ఆపరేషన్ చేసి ఆరేడు నెలలు ఆగితే మళ్ళీ ఆడొచ్చని చెప్పారు. ఆపరేషన్ పోయిన మంగళవారం అయింది, బాగానే జరిగింది. నువ్వు చదువుతూ "పోనీలే, మంచే జరిగింది కదే" అంటావు, నాకు తెలుసు. అలా అనకు. నేను వాడి మంచి కోసం చెప్పలేదు.

రోస్లీ గారికి కూడా నిజం చెప్పాను. ఉద్యోగం పోతే పోతుందనే వెళ్ళాను. ఆయన, "నువ్వు చెప్పాక ఆ వీడియో నేను రెండుసార్లు చూశాను. నాకేం కనపడలేదు. నా కళ్ళు ముసలివైపోయాయనుకున్నాను" అన్నారు. కోప్పడలేదు. ఇకమీద ఏం చెప్పినా ఎలా తెలిసిందో కూడా చెప్పమన్నారు, వచ్చే ఏడాది దాకా మీటింగుల్లో కూర్చోవద్దన్నారు. వీడియోలు ముక్కలు చేసి మీటింగు గది గుమ్మం దగ్గర ఇచ్చేసి వస్తున్నాను. అది న్యాయమే. గణేష్‌ని వచ్చే జాబితాలో మళ్ళీ చూస్తామని, ఈసారి డాక్టరు కాగితంతో రమ్మని వాడికి స్వయంగా ఫోన్ చేశారు.

పిన్నికి మాత్రం ఏం చెప్పాలో తెలియలేదు. ఒక సాయంత్రం వంటింటి గుమ్మంలో నిలబడి, "గది ఖాళీ చేస్తాను పిన్నీ" అన్నాను. తను బియ్యం కడుగుతోంది. తల ఎత్తలేదు.

"ఎందుకు? ఎక్కడికెళ్తావు? ఉండు. నీకు నాలుగు మెతుకులు పెడితే నాకేటి తరగదు."

"నన్ను తిట్టు పిన్నీ" అన్నాను.

"తిట్టి ఏటి సేస్తాను. నీ మీద నాకు కోపం నేదు పాపా. ఇన్నాళ్ళూ నోటికొచ్చిందల్లా నీతో అనేసినాను. మా అమ్మతో సెప్పుకున్నట్టు. ఇకమీదట సూసుకుని మాట్లాడాల, అంతే" అంది.

అప్పట్నుంచి చూసుకునే మాట్లాడుతోంది అక్కా. అన్నం తిన్నావా, బట్టలు ఆరినాయి, బస్సు వేళయింది. ప్రేమగానే అంటుంది. గణేష్ ఎలా పడుకున్నాడో, రాత్రి నొప్పి వచ్చిందో లేదో, నేను వాణ్ణే అడిగి తెలుసుకుంటున్నాను.

నువ్వు పిన్నికి కొన్నానన్న చీర ఇప్పుడు పంపొద్దు. ఇప్పుడు పంపితే అది చీరలా ఉండదు. నువ్వు తనతో మాట్లాడాలనుకుంటే మాట్లాడు, కానీ నా తరఫున క్షమాపణలు చెప్పకు. అది నేనే మెల్లగా చేసుకోవాలి. గణేష్‌కి ఏ వ్యాయామాలు మంచివో నీకు తెలిసినవి రాసి పంపు, డాక్టరుకి చూపించే చేయిస్తాం. నీ పాత మోకాలి పట్టీలు మాత్రం పంపకు, అవి వద్దు.

బావగారికి నమస్కారాలు. అత్తయ్యగారికి నా దండాలు చెప్పు. చిన్నోడికి ముద్దులు. నా తిండి గురించీ ఆరోగ్యం గురించీ దిగులు పడకు, నిజంగా బాగున్నాను. ఎప్పుడూ ఉత్తరం చివర ఆశీర్వదించమని రాసేదాన్ని. ఈసారి ముందు తిట్టు, పిన్ని తిట్టనన్నవన్నీ నువ్వు తిట్టు. తరవాత మనసొప్పితే ఆశీర్వదించు.

నీ చెల్లెలు,
హైమ