అన్న కాలికి గుచ్చుకున్న ముల్లు

ఆదివారం రాత్రి

ఈ రోజు శింగనమలలో అన్నతో పాటు మేకల వెంట నడిచాను. ఉన్నట్టుండి కేకేశాడు. "రేయ్, ముల్లు గుచ్చుకునింది! నొప్పి తెలుస్తాండాది రా!" ఒంటికాలి మీద నిలబడి ఒకటే నవ్వు. వెనకే వస్తున్న వదిన నెత్తి కొట్టుకుంది. "ముల్లు గుచ్చుకుంటే ఇంత సంబరపడే మనిషిని యాడా చూడలేదప్పా."

మొన్న ఎండాకాలంలో చెప్పు జారిపోయినా తెలియక అలాగే నడిచేవాడు. అరికాళ్లు మొద్దుబారాయి. వయసైపోయిందనుకుని మేకలను బేరానికి పెట్టాడు. "రక్తపరీక్షలంటే దుడ్లు గుంజే పని" అన్నవాణ్ణి బలవంతంగా అనంతపురం తీసుకెళ్లాను. ఒంట్లో విటమిన్ బి12 బాగా తక్కువని, కాళ్ల మొద్దుబారుడు దానివల్లేనని తేలింది. అది దొరికేది మాంసం, పాలల్లోనట; అన్న మొక్కుకుని మాంసం మానేసి చాలా ఏళ్లయింది, పాలు ఎప్పుడూ గిట్టవు. డాక్టరు చెప్పినన్నాళ్లు సూదులు వేయించుకున్నాడు.

అందరికీ అన్ని విటమిన్ పరీక్షలూ అక్కర్లేదని కూడా ఆ డాక్టరే అన్నారు. ఒక్క మనిషి బాగుపడితే అందరికీ అదే లెక్క కాదని నాకూ తెలుసు. కానీ మరీ ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చట. తిమ్మిరి ముసలితనమేలే అనుకుని ఊరుకున్నవాళ్లు ఆ ఊళ్లోనే ఇంకెందరున్నారో...

వదిన పిన్నీసుతో ముల్లు తీస్తుండగా మేకల బేరగాడు వచ్చాడు. "ఏమన్నా, మేకలు ఇస్తానంటివే?"

అన్న కాలు ఎత్తి చూపించాడు. "యాడ ఇచ్చేదప్పా? కాలు నొస్తాండాది, చూడు!"