పాకం వాసన

ఫిబ్రవరి 24

ఇంటికొచ్చాం. పాప పాలు గట్టిగా తాగుతోంది. అత్తయ్య వేలు పట్టుకుంటే ఇక వదలదు. పేరు ఇంకా తేల్లేదు. అంతదాకా బుడంకాయ.

ఫిబ్రవరి 27

తల్లినయ్యాక ఈయనతో మొదటి గొడవ. ఈయనది టాఫీ ఫ్యాక్టరీలో పాకం బాయిలర్ దగ్గర పని. ఇంట్లో అడుగు పెడితే చాలు, చక్కెర మాడిన వాసన. పెళ్ళైన కొత్తలో నాకది ముద్దుగానే ఉండేది, కాదనను. ఇప్పుడు ఎత్తుకున్నప్పుడల్లా పాపకి అంటిస్తున్నాడు. గుడ్డలు, దుప్పటి, ఆఖరికి దాని నెత్తి కూడా టాఫీ వాసనే. గుమ్మం దగ్గరే చొక్కా విప్పి, స్నానం చేశాకే పిల్లని ముట్టుకోమన్నాను. తనకి ఏ వాసనా రావట్లేదట. ముఖం మీదే అబద్ధం. అత్తయ్య కొడుకు పక్షం. పాకం వాసన మంచిదే, పిల్ల తియ్యగా మాట్లాడుతుందని ఆవిడ తీర్పు.

మార్చి 1

మనిషి చేత పూటకి రెండు స్నానాలు చేయించాను. చొక్కాలన్నీ బాల్కనీలో సబ్బునీళ్ళలో ఉన్నాయి. అయినా వాసన పోదే. పోనీ, పాప మాత్రం బంగారం. రెండు రోజులుగా ఏడుపు లేదు, పేచీ లేదు. పాలకి కూడా లేపాల్సి వస్తోంది. ఎదురింటి ఆవిడ నా అదృష్టానికి కుళ్ళుకుంది. నేనూ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను.

మార్చి 3, ఉదయం 6

పాలు తాగడం లేదు. నోట్లో పెడితే వదిలేస్తోంది. ఏడుపు మారిపోయింది, సన్నగా, కీచుగా. ఒకసారి ఒళ్ళంతా కర్రలా బిగుసుకుంటోంది, మరోసారి మెత్తబడి చేతుల్లోంచి జారిపోతోంది. అత్తయ్య ఆటోకి ఫోన్ చేస్తోంది.

ఈయన మొన్న రాత్రి నుంచి ఊళ్ళో లేడు. కొత్త మెషీన్ చూడ్డానికి ఫ్యాక్టరీ వాళ్ళు పంపారు. చొక్కాలు ఉతికి ఆరేసి మడతపెట్టేశాను. బయల్దేరేముందు డైపర్ మార్చాను. అదే వాసన, గుప్పున.

ఈయన కాదు. పాప.

మార్చి 3, సాయంత్రం

డ్యూటీ డాక్టర్ ఇన్ఫెక్షన్ అన్నాడు. వాసన సంగతి చెబితే నవ్వి, మీరేం తిన్నారని అడిగాడు. తర్వాత పిల్లల వార్డు పెద్ద డాక్టరమ్మ వచ్చింది. పాప చెవిలో దూది పుల్ల తిప్పి, తన ముక్కు దగ్గర పెట్టుకుంది. పుల్ల పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"ఈ వాసన ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?"

"మా ఆయన చొక్కాదనుకున్నామండీ," అన్నాను.

అక్కడెవరూ నవ్వలేదు.

మార్చి 4

వాసన బట్టే పోల్చుకుందట డాక్టరమ్మ, కాగితం మీద గీసి చెప్పింది. మనం తిన్న ప్రోటీన్ ఒంట్లో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. ఒళ్ళు కావలసినవి వాడుకుని, మిగిలినవాటిని కరిగించేస్తుంది. అందులో మూడింటిని కరిగించే ఎంజైమ్ బుడంకాయకి పనిచెయ్యదు. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్. వింటే ఎవరింటి ఆడపడుచుల పేర్లో అనిపిస్తాయి. మూడూ పేరుకుపోతున్నాయి, ఆ మాడిన చక్కెర వాసన వాటి వల్లేనట. లూసిన్ మెదడుకెక్కితే వాపు.

ఎక్కణ్ణుంచి వస్తున్నాయని అడిగాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టింది. తర్వాత, మీ పాలలోంచే అంది.

మార్చి 6

రక్తం వేరే ఊరి ల్యాబ్‌కి వెళ్ళింది. ఈరోజే రిపోర్ట్. లూసిన్ ఉండాల్సినదానికి పదిహేను రెట్లు. అరచేయంత లేని పిల్లకి డయాలసిస్. అద్దంలోంచి చూడనిచ్చారు. గొట్టాల మధ్య పాపని వెతుక్కోవాల్సి వచ్చింది.

రిపోర్ట్ రావడానికి ఇన్ని రోజులేంటని కౌంటర్ దగ్గర అరిచాను. ఆలస్యానికి సారీ అండీ అన్నాడు అతను. బస్టాండు మైకులో ఆలస్యానికి చింతిస్తున్నాం అని రోజంతా చెప్పే ఉద్యోగం నాది. ఒక్కసారి కూడా చింతించిన పాపాన పోలేదు.

మార్చి 7

పాలు పిండి సింకులో పోశాను. మళ్ళీ పోశాను.

మార్చి 9

ఈయన వచ్చినప్పటి నుంచి ఐసీయూ బయట బెంచీ దిగలేదు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నేల చూస్తూనే అన్నాడు.

"నాకు నిజంగా రాదే. ఆ బాయిలర్ దగ్గర నిలబడీ నిలబడీ నా ముక్కుకి ఆ వాసన ఎప్పుడో చచ్చిపోయింది."

అబద్ధాలకోరు అన్నాను ఈ మనిషిని. అత్తయ్య మరోపక్క, ఇలాంటిది మా వంశంలో లేదని మొదలుపెట్టింది. డాక్టరమ్మ ఆగమంది. ఆయనలో సగం, నాలో సగం ఉందట. రెండు సగాలూ కలిస్తేనే ఈ జబ్బు. తిట్టుకుందామంటే ఎవరూ మిగల్లేదు. అదే భరించలేకపోతున్నాను.

మార్చి 12

లూసిన్ దిగుతూ దిగుతూ మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు ఐసోలూసిన్, వాలిన్ చుక్కలుగా ఇస్తారట. నాకు ఒళ్ళు మండింది. నిన్నటిదాకా విషమన్నారు, ఇవాళ మందంటారా అని అడిగాను. డాక్టరమ్మకి కోపం రాలేదు. ఇటుకలు ఎన్నున్నా సిమెంటు, ఇసుక లేకపోతే గోడ లేవదు కదమ్మా అంది. ఆ రెండూ బాగా తగ్గిపోయాయట. అవి ఇస్తే ఒళ్ళు కండ కట్టుకుంటుంది, మిగిలిన లూసిన్ అందులో ఖర్చవుతుంది. అర్థమైనట్టు తలూపాను. ఏమీ అర్థం కాలేదు. ఆవిడ ఏం చెబితే దానికి ఊపడం తప్ప నా చేతిలో ఏముంది?

మార్చి 15

కళ్ళు తెరిచింది. నా వేలు పట్టుకుంది. వదల్లేదు.

ఏప్రిల్ 2

ఇల్లు. ఆ మూడూ లేని పాలపొడి డబ్బాలు అలమరా నిండా ఉన్నాయి. తడి సాక్సు వాసన. పాప మాత్రం లొట్టలేస్తుంది. నా పాలు కూడా ఇస్తున్నాను, సిరంజిలో కొలిచి, ఇన్ని ఎం.ఎల్. అని. ఆ మూడూ బొత్తిగా లేకుండా కూడా బతకదట. మిగతాది సింకుకే.

జ్వరం రాకూడదు. జ్వరమొచ్చి తినడం మానేస్తే ఒళ్ళు తన కండనే కరిగించుకుంటుంది, అందులోంచి మళ్ళీ అవే మూడు. బయట నుంచి రాకుండా నేను కాపలా కాయగలను. లోపల్నుంచి వస్తే?

రిపోర్ట్ కోసం కూర్చుంటే ఆలస్యమవుతుంది కాబట్టి రోజూ పొద్దున్నే పాప చెవి వాసన చూడమంది డాక్టరమ్మ. ఏ కొంచెం తేడా ఉన్నా పరిగెత్తుకు రమ్మంది. మెదడు సంగతి అడిగాను. కూర్చున్నప్పుడు, నడిచినప్పుడు, మాట్లాడినప్పుడు తెలుస్తుందట. అంతదాకా ఎవరూ ఏమీ చెప్పలేరట.

తన ఒంటి పాకం వాసనలో పాప వాసన కలిసిపోకూడదని ఈయన ప్యాకింగ్ సెక్షన్‌కి మార్చమని అడిగాడు. ఖాళీ లేదన్నారు. గుమ్మం దగ్గర చొక్కా విప్పుకోవడం మామూలే, ఇప్పుడు నేను చెప్పక్కర్లేదు. అత్తయ్య కూతురి పురిటికి వెళ్ళింది. ఇంటి మొత్తానికి పనిచేసే ముక్కు నాదొక్కటే.

ఏప్రిల్ 20

చెవి: ఏమీ లేదు.

మే 11

నవ్వింది. గ్యాస్ వల్ల అంటాడు ఈయన. గ్యాస్ వల్ల వచ్చే నవ్వూ, మామూలు నవ్వూ నాకు తెలియవా? అయినా ఫోన్ చేసి డాక్టరమ్మని అడిగాను. మంచిదే అంది. మంచిదే అంటే ఎంత మంచిదో అడగడానికి ధైర్యం చాల్లేదు.

జూన్ 17

నా గొంతులో గరగర. మాస్కు పెట్టుకునే పాపని ఎత్తుకుంటున్నాను. దేవుడా, ఈ ఒక్కసారికి దాన్ని వదిలెయ్.

జూన్ 18, ఉదయం

ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. మాస్కు తీసి పాప చెవి దగ్గర ముక్కు పెట్టాను. ఏమీ తెలియడం లేదు. కాఫీ పొడి డబ్బాలో పెట్టాను. అదీ తెలియలేదు. పాప ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందో, నా చేతులే చల్లగా ఉన్నాయో. సగం పాలు వదిలేసింది. ఈయన చెవి దగ్గర వంగి, గట్టిగా పీల్చి పీల్చి, నా వైపు చూసి ఏడ్చాడు. ఇప్పుడు ఆటో కోసం వీధి చివరికి పరిగెత్తాడు. ఎదురింటికి తాళం.

గ్యాస్ బండ తెచ్చినతను బెల్ కొట్టాడు. పాపని తలుపు దాకా తీసుకెళ్ళి, దీని చెవి వాసన చూడు బాబూ అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. అయినా వంగి చూశాడు.

ఏమీ లేదమ్మా, పౌడర్ వాసనే అన్నాడు.

మెట్లు దిగుతూ తుమ్మి, జేబురుమాలుతో ముక్కు చీదుకున్నాడు.