పొట్టు పొయ్యి ఎవరు కొంటారు

మద్దిలేటి బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈరోజు మన ఓర్వకల్లుకు ఒక కంపెనీ అమ్మాయి వచ్చింది. శనక్కాయ పొట్టుతో మండే పొయ్యి తెచ్చింది, అచ్చం నువ్వు వెల్డింగ్ షాపులో చేసినవాటి లాంటిదే. అమ్మకానికి పెడితే కొంటారా అని ఇల్లిల్లూ అడిగింది. అందరూ "తీసుకుంటాంలేమ్మా" అన్నారు.

నీకూ అలాగే అన్నారు. అలా అనమని వీధి మొత్తానికీ నేర్పింది నేనే, బావా, సరదాకి. నువ్వు నమ్మి, గేట్ల పని మానేసి, షాపు నిండా పొయ్యిలు చేశావు. ఒక్కటీ కదల్లేదు. నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఈమధ్య వేళాకోళానికి ఓపిక లేదు. ఆ అమ్మాయికి ఉన్నమాట చెప్పాను.

"మాటలు నమ్మొద్దు తల్లీ. పొయ్యి వారం రోజులు వాళ్లింట్లో పెట్టు. మళ్లీ తీసుకపోయేదానికి రా. 'మేము ఇయ్యం, పో' అంటేనే కొంటారు."

నీ పొయ్యి కూడా చూపిద్దామని అక్క దగ్గరికి వెళ్లాను. దాని మీదే సంగటి కెలుకుతోంది.

"అక్కా, ఈ పొయ్యి ఒక్క పూట ఇయ్యి."

"మీ బావతో ఆడుకున్నది చాల్లేదా? యాడికీ ఇయ్యను, పో!" అని తెడ్డు ఎత్తింది.

ఆమెకు తెలుసన్నమాట. నీకూ తెలుసా అని అడగలేకపోయాను.

పొయ్యి మాత్రం ఇవ్వలేదు బావా. అది అమ్ముడుపోయే పొయ్యే.

నీ బామ్మర్ది